టీ టాట్ శిష్యుడి దారిలో

మొదటి రోజు: జార్జియానా

మా బాబాయి రైల్వేలో పనిచేసి రాజమండ్రిలో రిటైరయ్యాడు. ఉద్యోగం మాట ఎలా ఉన్నా, ముప్ఫై ఏళ్లు పద్యనాటకాలకు హార్మోనియం వాయించాడు. ఎవరికైనా తనను పరిచయం చేసుకునేది ఆ లెక్కనే. అట్లాంటాలో మా ఇంటికి వచ్చిన మూడు వారాలకు బాల్కనీలో కూర్చుని పార్కింగ్‌లో కార్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. నయాగరా చూపిస్తానంటే "నీళ్లే కదా, గోదావరి చూసిన కళ్లకు వద్దులే" అన్నాడు. ఒక సాయంత్రం వంటింటి గుమ్మంలో నిలబడి, "అమ్మాయ్, నువ్వు కూర కలుపుతూ వింటావే, గొంతులో ఎక్కిళ్లు పెట్టుకుని పాడే మనిషి, ఎవరతను? ఊరెంత దూరం?" అని అడిగాడు.

అతను అమెరికా కంట్రీ పాటల గాయకుడు హాంక్ విలియమ్స్. ఊరు కారులో మూడున్నర గంటల దూరం. 2019 అక్టోబరులో ఆరు రోజులు సెలవు పెట్టాను.

అలబామా సరిహద్దు దాటగానే గడియారం గంట వెనక్కి వెళుతుంది. బాబాయి చేతి గడియారం ముల్లు తిప్పుతూ "ఊరికే ఒక గంట ఆయుష్షు కలిసింది" అని మురిసిపోయాడు. దారి పొడవునా పైన్ చెట్లు, రోడ్డు కోసిన చోటల్లా ఎర్రమట్టి. మాంట్‌గోమరీ దగ్గర దక్షిణానికి తిరిగి ఇంటర్‌స్టేట్ 65 ఎక్కాం. అక్కడి నుంచి జార్జియానా దాకా ఉన్న అరవై మైళ్ల ముక్కకు హాంక్ పాడిన పాట పేరే 1997లో పెట్టారు: 'లాస్ట్ హైవే'. దారి తప్పి చెడిపోయినవాడి పాటను హైవేకి పేరు పెట్టాలని ఎవరికి తోచిందో గానీ, ఆ బోర్డు చూసిన ప్రతిసారీ నాకు నవ్వొస్తుంది.

పెట్రోలు బంకు పక్కన ఒక పెద్ద గిన్నెలో ఉప్పునీళ్లలో వేరుశనక్కాయలు ఉడుకుతున్నాయి. అమెరికా వచ్చాక బాబాయి ముఖంలో అంత వెలుగు నేను చూడలేదు. ఒక సంచి నిండా కొనిపించి, ఒళ్లో పెట్టుకుని ఒలుస్తూ కూర్చున్నాడు. హాంక్ కూడా చిన్నప్పుడు వీధుల్లో వేరుశనగలు అమ్మాడని, బూట్లు పాలిష్ చేశాడని చెప్పాను. "అయితే మనవాడే" అన్నాడు, నోట్లో గింజతోనే.

అతను పుట్టింది ఇక్కడికి దగ్గర్లోని మౌంట్ ఆలివ్ అనే పల్లెలో, 1923 సెప్టెంబరు 17న. వెన్నుపూస పూర్తిగా మూసుకోని లోపంతో పుట్టాడు. కంటికి కనిపించే లోపం కాదు గానీ నొప్పి బతుకంతా వెంట ఉంది. కలప కంపెనీ రైళ్ల మీద పనిచేసిన తండ్రి 1930లో మాజీ సైనికుల ఆసుపత్రిలో చేరి ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోయాడు. ఆ తర్వాత పిల్లల్ని సాకింది తల్లి లిల్లీ. గట్టి మనిషి. ఎక్కడికి మారినా ఇంట్లో గదులు అద్దెకిచ్చి, అద్దెకున్నవాళ్లకు వండిపెట్టి సంసారం లాగింది. చర్చిలో ఆర్గన్ వాయించేది. పిల్లవాడు ఆ బల్ల మీద పక్కనే కూర్చునేవాడట.

జార్జియానాలో వాళ్లున్న ఇల్లు ఇప్పుడు మ్యూజియం. స్తంభాల మీద నేలకు ఎత్తుగా నిలబెట్టిన చెక్క ఇల్లు. కింద మనిషి వంగి దూరగలిగినంత ఖాళీ ఉంది. లోపలి గదుల్లో ఫొటోలు, రికార్డులు, టోపీలు చాలానే పెట్టారు. కానీ బాబాయి ఎక్కువసేపు నిలబడింది బయట, ఆ ఖాళీ ముందు. హాంక్ గిటారు సాధన చేసింది ఇంటి కింద ఆ నీడలోనే. "ఇంట్లో వాయిస్తే తిట్లు పడేవేమో. నేను పశువుల కొట్టంలో నేర్చుకున్నాను" అన్నాడు బాబాయి. ఆ సంగతి నాకు అప్పటిదాకా తెలియదు.

రెండో రోజు: గ్రీన్‌విల్, అక్కడి నుంచి మాంట్‌గోమరీ

రాత్రి బస చేసిన మోటెల్‌లో ఏసీ తెల్లవార్లూ లారీలా మోగింది. పొద్దున్నే హోటల్లో మొక్కజొన్న రవ్వను జావగా వండి, వెన్న వేసి పెట్టారు. ఇక్కడివాళ్లు గ్రిట్స్ అంటారు. బాబాయి అందులో మా ఇంటి నుంచి తెచ్చుకున్న నిమ్మకాయ ఊరగాయ కలుపుకున్నాడు. పక్క బల్ల దగ్గర కూర్చున్న పెద్దాయన అది చూసి ఆసక్తి చూపిస్తే ఆయన పళ్లెంలో కూడా ఒక ముక్క వేశాడు. తర్వాత ఏం జరిగిందో చూడకుండా నేను బిల్లు కట్టడానికి లేచిపోయాను.

గ్రీన్‌విల్‌లో చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు. రైలుపట్టాలు, పాత ఇటుక మేడలు, ఎండ. కానీ ఈ కథకు మొదలు ఇక్కడే. రూఫస్ పేన్ అనే నల్లజాతి వీధి గాయకుడు ఈ ఊళ్లో ఉండేవాడు. చుట్టుపక్కల ఊళ్ల వీధుల్లో గిటారు వాయించి డబ్బులు పోగుచేసుకునేవాడు. అందరూ ఆయన్ని 'టీ టాట్' అనేవారు. మద్యం ముట్టనివాణ్ని ఇంగ్లీషులో 'టీటోటలర్' అంటారు. ఈయన సీసాలో ఎప్పుడూ టీ ఉండేది, కానీ ఆ టీలో మద్యం కలిసి ఉండేది. అందుకే ఆ వేళాకోళపు పేరు.

పదేళ్లు దాటిన తెల్ల పిల్లవాడు ఆయన వెనక వీధి వీధీ తిరిగాడు. 1930లలో అలబామాలో తెల్లవాళ్లకు వేరే బడి, వేరే నీళ్ల కుళాయి, వేరే తలుపు. అటువంటి చోట ఆ ఇద్దరూ నడివీధిలో గురుశిష్యులయ్యారు. తాళం తప్పకుండా గిటారు మీటడం, నల్లజాతివారి బ్లూస్ పాటల్లోలా స్వరాన్ని వంచడం, వచ్చేపోయేవాళ్లను పాటతో నిలబెట్టడం, అన్నీ పేన్ దగ్గరే నేర్చుకున్నాడు. పాఠానికి లిల్లీ ఇచ్చిన రుసుము ఒక పూట భోజనం. పెద్దవాడయ్యాక హాంక్ పత్రికలవాళ్లకు దాపరికం లేకుండా చెప్పాడు, తనకు దొరికిన సంగీత శిక్షణ అంతా టీ టాట్ ఇచ్చిందేనని.

ఇది విన్న బాబాయి కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఘంటసాల సంగతి ఎత్తాడు. విజయనగరంలో సంగీతం నేర్చుకునే రోజుల్లో ఘంటసాల జోలె పట్టుకుని మధుకరం ఎత్తి తిన్నాడన్నది మన వైపు అందరికీ తెలిసిన కథే. "అక్కడ శిష్యుడు అన్నం అడుక్కున్నాడు, ఇక్కడ గురువు అన్నానికి పాఠం చెప్పాడు" అన్నాడు. ఇద్దరిదీ ఇంచుమించు ఒకే ఈడని నేను అన్నాను. ఘంటసాల పుట్టింది 1922 డిసెంబరులో. "మరి ఆ గురువుగారిని ఎక్కడ పూడ్చారు?" అని అడిగాడు. మాంట్‌గోమరీలో చూద్దామన్నాను.

సాయంత్రం కావాలనే ఆలస్యంగా బయలుదేరాం. మధ్యలో ఫోర్ట్ డిపాజిట్ అనే చిన్న ఊరుంది. 1947 జనవరిలో ఒక రాత్రి అక్కడ పాడి తిరిగి వస్తుంటే కారులో ఉన్న తల్లికి దూరాన మాంట్‌గోమరీ విమానాశ్రయం దీపాలు కనిపించాయి. ఊరు దగ్గరపడిందన్న అర్థంలో, వెలుగు కనిపించిందని ఆమె అంది. ఆ మాటనే పట్టుకుని హాంక్ భక్తిగీతం అల్లాడు: 'ఐ సా ద లైట్'. పాపంలో తిరిగిన మనిషికి వెలుగు కనిపించడం దాని సారం. ఈరోజు దక్షిణాది చర్చిల్లో అది అనాదిగా ఉన్న కీర్తనేమో అన్నట్టు పాడతారు. మేమూ ఆ దీపాల కోసం కళ్లు చిట్లించుకుని చూశాం. హాంబర్గర్ దుకాణాలు, కార్ల షోరూములు, బంకులు, అన్ని దీపాల మధ్య విమానాశ్రయం ఎక్కడుందో తేల్చుకోలేకపోయాం. కారులో పాట పెడితే బాబాయి తొడ మీద వేళ్లు కదిలిస్తూ "శంకరాభరణం స్వరాలే. పిల్లలకు కూడా వచ్చేస్తుంది" అన్నాడు. హార్మోనిస్టుల నోట ఇది పొగడ్తో తెగడ్తో నాకు ఇంతవరకూ అంతుపట్టలేదు.

మూడో రోజు: మాంట్‌గోమరీ

1937లో లిల్లీ పిల్లల్ని తీసుకుని ఈ ఊరు చేరింది. హాంక్ ఎంపైర్ థియేటర్‌లో ఔత్సాహికుల పోటీలో పాడి పదిహేను డాలర్లు గెలిచాడు. స్థానిక రేడియోలో అవకాశం వచ్చింది, 'డ్రిఫ్టింగ్ కౌబాయ్స్' అని ఒక బృందం కట్టాడు.

ఎంపైర్ థియేటర్ ఇప్పుడు లేదు. ఆ స్థలంలో రోజా పార్క్స్ మ్యూజియం ఉంది. ఎందుకంటే 1955 డిసెంబరు 1న బస్సులో తెల్లవాడికి సీటు ఇవ్వనన్న రోజా పార్క్స్‌ను అరెస్టు చేసింది సరిగ్గా ఆ థియేటర్ ముందరి స్టాపులోనే. నల్లజాతి గురువు దగ్గర నేర్చిన విద్యతో తెల్ల కుర్రాడు బహుమతి గెలిచిన గుమ్మం ముందు, పద్దెనిమిదేళ్ల తర్వాత, పోలీసులు ఒక నల్లజాతి దర్జీ స్త్రీని పట్టుకెళ్లారు. నేను పాటల కోసం వచ్చి ఆ మ్యూజియంలో రెండు గంటలు గడిపాను. బాబాయి కాళ్లు నొప్పులని చెప్పి బయట బల్ల మీద కూర్చున్నాడు. వచ్చి చూస్తే అప్పటికే ఇద్దరు స్కూలు పిల్లలకు వేరుశనక్కాయలు పంచిపెట్టి ఉన్నాడు.

కామర్స్ స్ట్రీట్‌లోని హాంక్ మ్యూజియంలో అందరూ చూసేది నీలం రంగు 1952 కాడిలాక్ కారు. అతను చివరిసారి ఎక్కింది అదే. వెనక సీటు విశాలంగా, మెత్తగా ఉంది. అద్దాల బీరువాల్లో జరీ అల్లిక సూట్లు ఉన్నాయి. అన్నిటికీ నడుము చాలా సన్నం. మనిషి ఎంత బక్కపల్చగా ఉండేవాడో ఏ ఫొటో చెప్పనంత బాగా ఆ బట్టలు చెప్పాయి.

మధ్యాహ్నం ఓక్‌వుడ్ శ్మశానవాటికకు వెళ్లాం. గుట్ట మీద హాంక్ సమాధి: ఎత్తయిన తెల్ల రాతి కట్టడం, అడుగున రాతితో చెక్కిన కౌబాయ్ టోపీ, పక్కన మొదటి భార్య ఆడ్రీ సమాధి. చుట్టూ ఉన్నది నిజం గడ్డి కాదు, ప్లాస్టిక్‌ది. అభిమానులు గుర్తుగా గడ్డి పీక్కుపోతుంటే తట్టుకోలేక పరిచారట. దగ్గర్లోనే వరుసగా బ్రిటిష్ వైమానిక సైనికుల చిన్న సమాధి రాళ్లున్నాయి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో శిక్షణకని ఇంత దూరం వచ్చి, యుద్ధభూమి చూడకుండానే పోయిన కుర్రాళ్లు. వాళ్ల దగ్గర ఎవరూ లేరు.

లింకన్ శ్మశానవాటిక మాత్రం తేలిగ్గా దొరకలేదు. ఫోను రెండుసార్లు తప్పు వీధిలోకి తీసుకెళ్లింది. 1907లో నల్లజాతివారి కోసం ఏర్పడిన శ్మశానం అది. చాలాకాలం ఆలనాపాలనా లేకుండా పడి ఉంది. టీ టాట్ 1939లో ధర్మాసుపత్రిలో చనిపోతే ఇక్కడే ఎక్కడో పూడ్చారు. ఎక్కడన్నది గుర్తు లేదు. ఆ తర్వాత ఎప్పుడో నిలబెట్టిన ఒక స్మారక శిల ఉంది. శిష్యుడు ప్రసిద్ధుడు కావడానికి ఇంకా పదేళ్లుందనగా గురువు వెళ్లిపోయాడు.

బాబాయి చెప్పులు విప్పి గడ్డిలోకి దిగాడు. ముళ్లుంటాయని నేను అంటూనే ఉన్నాను. "ఏ రాయి కింద ఉన్నాడో తెలియనప్పుడు ఎక్కడ అడుగు వేసినా ఆయన మీదే కదమ్మా" అన్నాడు. కారు దగ్గర నిలబడి అరికాల్లోంచి ముల్లు తీయడానికి పది నిమిషాలు పట్టింది.

నాలుగో రోజు: నాష్‌విల్

280 మైళ్లు ఉత్తరానికి. దారంతా హాంక్ పాటలే, ఆగిన చోటల్లా కాఫీ.

1946లో హాంక్ ఈ ఊరొచ్చి ఫ్రెడ్ రోజ్ అనే పాటల ప్రచురణకర్తను కలిశాడు. చదువు అంతంతమాత్రం, సంగీతం రాసుకోవడం రాని మనిషి చెప్పిన పాటలను రోజ్ సరిదిద్ది, రికార్డింగులు ఏర్పాటు చేశాడు. ఇద్దరికీ పెద్ద పేచీ వచ్చింది 'లవ్‌సిక్ బ్లూస్' దగ్గర. హాంక్ రాసింది కాదు, 1922 నాటి పాత పాట. అందులో గొంతు ఒక్కసారి విరిగి పైస్థాయికి ఎగిరి కిందికి జారుతుంది. యోడెల్ అంటారు దాన్ని, మా బాబాయి లెక్కలో ఎక్కిళ్లు. తాళం కుదరని పాట, వద్దన్నాడు రోజ్. జనం ముందు పాడినప్పుడు ఏం జరుగుతుందో నేను చూశాను, పాడి తీరతానన్నాడు హాంక్. 1948 డిసెంబరులో సిన్సినాటిలో రికార్డు చేస్తే, మరుసటి ఏడాది బిల్‌బోర్డ్ పత్రిక కంట్రీ పాటల జాబితాలో పదహారు వారాలు మొదటి స్థానంలో కూర్చుంది.

ఆ పాట పట్టుకునే 1949 జూన్ 11న గ్రాండ్ ఓల్ ఆప్రీ రేడియో కార్యక్రమంలో మొదటిసారి పాడాడు. వేదిక రైమన్ ఆడిటోరియం. 1892లో ప్రార్థనా మందిరంగా కట్టిన ఇటుక భవనం. కుర్చీల బదులు ఇప్పటికీ చర్చి బల్లలే. మేం టికెట్టు కొని ఆ బల్లల మీద కూర్చున్నాం. ఆ రాత్రి జనం అతన్ని వేదిక దిగనివ్వలేదని, ఆరుసార్లు మళ్లీ పాడించారని చెప్పాను.

"వన్స్‌మోర్!" బాబాయి గట్టిగా అనేశాడు. ముందు వరుసవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. ఇక ఆగలేదు. పద్యానికి ఎన్ని వన్స్‌మోర్లు పడితే నటుడికి ఎంత పొగరు పెరిగేదో, కాటిసీనులో శవంగా పడుకున్న పాత్రధారి దోమల వల్ల ఎలా లేచి కూర్చున్నాడో, తెల్లవారుజామున హరిశ్చంద్రుడి శ్రుతి దిగిపోతే తాను కూడా ఎలా దిగేవాడో, అన్నీ చెప్పాడు. నేనెప్పుడూ వినని కథలు. ఆరు వన్స్‌మోర్లన్న ఒక్క ముక్కతో రైమన్ మందిరం ఆయనకు మొత్తం అర్థమైపోయింది.

తర్వాతి మూడేళ్లలో హాంక్ ఎంత ఎత్తుకు వెళ్లాడో అంత వేగంగా జారాడు. 1951 చివర వెన్నుకు ఆపరేషన్ జరిగింది, నొప్పి తగ్గలేదు. మద్యం, దాని మీద మత్తుమందులు. ఆడ్రీతో విడాకులు. ఒప్పుకున్న కార్యక్రమాలకు రాకపోవడంతో 1952 ఆగస్టులో ఆప్రీ అతన్ని తొలగించింది. మరుసటి నెల 23న ఇదే ఊళ్లో 'యువర్ చీటిన్ హార్ట్' రికార్డు చేశాడు. అతని చివరి రికార్డింగు అదే రోజు. ఆ పాట విడుదలయ్యేసరికి మనిషి లేడు.

ఐదో రోజు: నాక్స్‌విల్

అతని చివరి ప్రయాణం 1952 డిసెంబరు 30న మాంట్‌గోమరీలో మొదలైంది. చార్లెస్ కార్ అనే కాలేజీ కుర్రాడు డ్రైవరు. 31 రాత్రి వెస్ట్ వర్జీనియాలోని చార్ల్‌స్టన్‌లో, జనవరి 1 మధ్యాహ్నం ఒహాయోలోని కాంటన్‌లో పాడాలి. నాక్స్‌విల్ నుంచి విమానం ఎక్కారు కానీ వాతావరణం బాగాలేక అది వెనక్కి తిరిగి వచ్చింది. ఆండ్రూ జాన్సన్ హోటల్లో దిగారు. మేం వెళ్లినప్పుడు ఆ ఎత్తయిన మేడ ఉంది, హోటల్ మాత్రం కాదు. అక్కడ డాక్టరు వచ్చి విటమిన్ బి12, మార్ఫిన్ కలిపి రెండు ఇంజెక్షన్లు ఇచ్చాడు. రాత్రి పదకొండు కాకముందే గది ఖాళీ చేశారు. హోటల్ పనివాళ్లు అతన్ని మోసుకొచ్చి కారు వెనక సీట్లో పడుకోబెట్టారు.

ఆ మేడ ఎదుటి కాలిబాట మీద నిలబడి బాబాయి తల ఎత్తి అంతస్తులు లెక్కపెట్టాడు. ఏమీ అనలేదు.

పాత 11డబ్ల్యూ రోడ్డు పట్టుకుని బ్లెయిన్ దాటాం. ఇక్కడ డ్రైవరు కుర్రాణ్ని పోలీసు ఆపి 25 డాలర్ల జరిమానా వేయించాడు. వెనక పడుకున్న మనిషి చచ్చిపోయినట్టున్నాడే అన్నాడట పోలీసు. మందు ఇచ్చారు, నిద్రపోతున్నాడని కుర్రాడు చెప్పాడు. ఇప్పుడు ఆ దారిలో పొలాలు, చర్చిలు, సామాన్లు దాచుకునే గోదాములు. మేం బ్రిస్టల్‌లో బస చేశాం. ఏసీ నిశ్శబ్దంగా ఉంది, బాబాయే గురక పెట్టాడు.

ఆరో రోజు: ఓక్ హిల్

కొండలు మొదలయ్యాయి. ఆకులు ఎర్రబారి, పొగమంచు లోయల్లో పాలలా నిలిచి ఉంది. అక్టోబరులోనే ఈ మలుపుల్లో నాకు అరచేతులు చెమర్చాయి. ఆ కుర్రాడు డిసెంబరు చివరి రాత్రి, చలిలో, ఇదే దిక్కుగా వచ్చాడు.

ఓక్ హిల్‌లో బంకు దగ్గర ఆగినప్పుడు చార్లెస్ కార్ వెనక్కి తిరిగి చూస్తే హాంక్ శరీరం బిగుసుకుపోయి ఉంది. ఆసుపత్రిలో చనిపోయాడని చెప్పారు. 1953 జనవరి 1 తెల్లవారుజాము. వయసు ఇరవై తొమ్మిది. అప్పటికి జాబితాల్లో ఎక్కుతున్న అతని పాట పేరుకు అర్థం, ఈ లోకం నుంచి ప్రాణాలతో బయటపడను అని. కొడుకు హాంక్ జూనియర్‌కు అప్పటికి నాలుగేళ్లు నిండలేదు.

జనవరి 4న మాంట్‌గోమరీ ఆడిటోరియంలో అంత్యక్రియలు. లోపల పట్టినవాళ్లు మూడు వేల లోపు, బయట వేలకు వేలు. నల్లజాతివారిని పై బాల్కనీలో విడిగా కూర్చోబెట్టారు. వేదిక మీద పాడినవారిలో నల్లజాతి గాయకుల బృందం కూడా ఉంది.

ఓక్ హిల్ చిన్న ఊరు. స్మారక ఫలకం చూసి, టీ తాగడానికి ఒక చోట కూర్చున్నాం. చార్ల్‌స్టన్‌లో కార్యక్రమం వాతావరణం వల్ల ఎటూ రద్దయింది. కాంటన్‌లో మాత్రం జనం టికెట్లు కొని వచ్చి కూర్చున్నారని బాబాయికి చెప్పాను. హాంక్ విలియమ్స్ దారిలో చనిపోయాడని వేదిక మీది నుంచి ప్రకటిస్తే కొందరు నవ్వారు. ఎగ్గొట్టడం అతనికి అలవాటు కదా, ఇది కొత్త సాకు అనుకున్నారు. వెనక మిగతా గాయకులు 'ఐ సా ద లైట్' ఎత్తుకున్నాక నవ్వులు ఆగిపోయాయి. సభ మొత్తం వాళ్లతో గొంతు కలిపింది.

బాబాయి టీ కప్పు కింద పెట్టాడు. చాలాసేపు ఫలకం ఉన్న వైపే చూశాడు.

"అంతమంది ఒక్కసారి ఎత్తుకున్నారంటున్నావు. మరి శ్రుతి ఎవరిచ్చారమ్మా?"